తొంభై నాలుగో పంట

కసీల్దాకు నిలకడ లేదని పెన్యార్సిల్లా ఊరంతా అంటుంది. పుట్టడమే నెల ముందు పుట్టిందనీ, పెళ్ళినాడు పెళ్ళికొడుకు కంటే ముందే చర్చికి చేరి గుమ్మంలో నిలబడి అతడి కోసం వీధి వైపు చూసిందనీ చెప్పుకుని నవ్వుతారు. అందులో అబద్ధమేమీ లేదు. నలభై నాలుగేళ్ళు వచ్చినా ఇప్పటికీ ఆమె కుర్చీలో అంచు మీదే కూర్చుంటుంది. అలాంటి మనిషిని ఓర్సాంకో వారింట్లో పుట్టించడం దేవుడు ఆడిన వేళాకోళమే అనుకోవాలి. ఎందుకంటే ఆ ఇంటివాళ్ళు తరతరాలుగా చేసే పని, ఉన్నమాట చెప్పాలంటే, ఆగడం. ద్రాక్ష కోయడం, తొక్కడం, పులియబెట్టడం నెలరోజుల సంబరం. ఆ తర్వాత ఎర్ర వైన్‌ను ఓక్ చెక్క పీపాల్లో నింపి, ఇంటి కింద రాతిలో తొలిచిన నేలమాళిగలో పేర్చి, ఏళ్ళ తరబడి దాని మానాన దాన్ని వదిలేయాలి. ఆరునెలలకోసారి ఒక పీపాలోంచి మరో పీపాలోకి మార్చి, అడుగున దిగిన మడ్డి పారబోసి, మళ్ళీ ఆగాలి. పక్క ఊళ్ళవాళ్ళు రెండేళ్ళకే సీసాల్లోకి ఎత్తేస్తున్నా, ఓర్సాంకో వారు మంచి పంటను ఆరేళ్ళకు తక్కువ కాకుండా ఓక్‌లోనే ఉంచుతారు. తొందరపడ్డవాడికి వెనిగర్, ఆగినవాడికి వైన్ అన్న మాటను ఆ ఇంట్లో పిల్లలకు ఉగ్గుపాలతో పోస్తారు.

కసీల్దాకు ఆ ఉగ్గుపాలు వంటబట్టలేదు.

ఆమె చేతి మీదుగా తయారైన మొదటి వైన్ పంతొమ్మిదివందల తొంభై నాలుగు నాటిది. ఆ ఏడు కోతల ముందు ఆమె తండ్రి అబుందియోకు విషజ్వరం తగిలి లొగ్రోన్యో ఆసుపత్రిలో పడ్డాడు. పంట ఎవరికోసమూ ఆగదు కదా. ఏ గట్టు ఎప్పుడు కోయాలో, తొట్టిలో పులిసిన రసం ఎప్పుడు దించాలో, ఏ పీపాలో పోయాలో అన్నీ ఆమే చూసుకుంది. ఆ నెలరోజులూ కంటిమీద కునుకు లేదు, కాలు ఒకచోట నిలవలేదు. ఒక్కసారి మాత్రం ఆమె నిలకడలేనితనం ఇంటికి పనికొచ్చిందని అందరూ ఒప్పుకున్నారు. వైన్ అద్భుతంగా దిగింది.

అయితే ఆ ఇంట్లో ముత్తాతల నాటి కట్టడి ఒకటుంది. వైన్ చేసిన మనిషి దాని మంచిచెడ్డలు తేల్చకూడదు. కాకిపిల్ల కాకికి ముద్దు, అందుకని తీర్పు వేరేవాళ్ళది. ఏటా ఫిబ్రవరిలో సాన్ బ్లాస్ పండుగ పొద్దున ఇంటి పెద్ద నేలమాళిగలోకి దిగి, గ్లాసులో పోసింది వాసన చూసి, "ఇప్పుడు" అంటేనే ఆ పంట సీసాల్లోకి వెళ్తుంది. చేసినవాళ్ళు ఆ గ్లాసును అరచేత్తో మూసి తెచ్చి ఇవ్వాలి. పెద్ద ముక్కు పెట్టేదాకా తమ ముక్కు పెట్టకూడదు.

రెండువేల ఒకటి సాన్ బ్లాస్‌కు కసీల్దా గ్లాసు మూసి తెచ్చింది. అబుందియో వాసన చూసి, కళ్ళు మూసుకుని, "ఇంకా కాదు" అన్నాడు. మరుసటి ఏడూ అదే మాట. ఆ మరుసటి ఏడూ అంతే. పెసెతాలు పోయి యూరోలు వచ్చాయి, ఊళ్ళో ఇద్దరు మేయర్లు మారారు, కసీల్దా వైన్ మాత్రం చెక్కలోంచి బయటపడలేదు. పైగా దాని వెనక పంటలన్నీ ఆగిపోయాయి. పెద్దపిల్లకు పెళ్ళి కాకుండా చిన్నపిల్లలకు చేయరన్నట్టు, ముందు పంట బయటికి పోకుండా వెనకది సీసాకెక్కదు. ఇల్లు గడవడానికి కసీల్దా బాబాయి తీర్సో చేసే, ఏ ఏటికాయేడు అమ్ముడుపోయే లేత వైన్ ఉంది కాబట్టి సరిపోయింది.

"మా అన్నయ్యది బండరాయి ఓపిక. నీటిబొట్టు పడిపడి గుంట పడాల్సిందే గానీ తనంతట తను కదలడు" అని తీర్సో బార్‌లో గొప్పగా చెప్పుకునేవాడు. ఊళ్ళోవాళ్ళు తల ఊపేవాళ్ళు. కసీల్దా ఎదురుపడితే మాత్రం పాట మారేది. "ఏమ్మా, ఇవాళ ఎన్నిసార్లు దిగావు కిందకి? నువ్వలా చుట్టూ తిరుగుతుంటే పీపాలకి కళ్ళు తిరుగుతాయే."

ఆమె నవ్వేసేది. కానీ గడిచిన రెండేళ్ళుగా ఆ నవ్వు గొంతు దిగడం లేదు. పీపాలు మార్చే రోజున ఇల్లంతా వైన్ వాసనే కదా, ఎంత కట్టడి ఉన్నా ముక్కు మూసుకుని పని చేయలేరు. ఆ వాసనలో పండు పలచబడుతోందని ఆమెకు అనిపిస్తోంది. చెక్క పైకొస్తోంది. పొయ్యి మీద పులుసు మరిగి మరిగి అడుగంటుతుంటే, నువ్వు మాత్రం వంటింట్లోకి రాకు అన్నట్టుంది ఆమె పరిస్థితి. వెళ్ళి చెబుదామంటే తనమీద తనకే నమ్మకం లేదు. ఇది వైన్ మాటా, తన తొందర మాటా? నలభై నాలుగేళ్ళుగా అందరూ ఒకే మాట అంటుంటే ఎవరికి మాత్రం అనుమానం రాదు?

ఈసారి పండుగకు వారం ఉందనగా ఆమె ఆగలేకపోయింది.

ఆ పొద్దున కరెంటు లేదు. కొవ్వొత్తి పట్టుకుని దిగి, గాజు గొట్టం పీపాలో ముంచి గ్లాసెడు తీసి, అలవాటుగా అరచేత్తో మూసి, ఒక్క ఊపులో మెట్లెక్కి వంటింట్లోకి వచ్చింది. అబుందియో కిటికీ పక్కన కూర్చుని చిక్కుడుగింజల్లో రాళ్ళు ఏరుతున్నాడు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, ఒక్కో గింజనూ వెలుతురుకు పట్టి చూస్తున్నాడు.

"మళ్ళీనా?" అన్నాడు తల ఎత్తకుండానే. "పండక్కి ఇంకా వారం ఉంది కదే."

"ఒక్కసారి చూడు నాన్నా. వారంలో మునిగిపోయేదేముంది?"

"మునిగిపోయేది లేనప్పుడు వారం ఆగొచ్చుగా."

అన్నాడే గానీ చెయ్యి చాచాడు. ఆయన ముక్కంటే ఊళ్ళో కథలున్నాయి. వైన్ వాసన చూసి అది ఏ గట్టుదో, కోతనాడు వాన పడిందో లేదో కూడా చెప్పేవాడట. ఆ ముక్కును గ్లాసులో దించి గాలి పీల్చాడు. గ్లాసును తిప్పాడు. మళ్ళీ పీల్చాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి పక్కనున్న గిన్నెలో ఉమ్మేశాడు.

"ఇంకా కాదు" అన్నాడు తాపీగా. "చెక్క ఇంకా సర్దుకోలేదు. పండు దానికింద దాక్కుని ఉంది. ఇంకో రెండు చలికాలాలు పోనీ."

రెండు చలికాలాలు. కసీల్దాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక తీర్పు అయిపోయింది కాబట్టి గ్లాసు లాక్కుని తన ముక్కు దగ్గర పెట్టుకుంది.

కుళ్ళిన గోనెపట్టా వాసన. వానకు తడిసి మూలన పడేసిన పాత గోతాం ఎలా కంపు కొడుతుందో అలా. ఆమె గ్లాసు దూరంగా జరిపి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. అదే కంపు. ఇది తన వైన్ కాదు. చీకట్లో, తొందరలో వేరే పీపాలో గొట్టం పెట్టిందన్నమాట. ఆ సంగతి తెలియడానికి ఆమెకు క్షణం పట్టింది. రెండో సంగతి తెలియడానికి ఇంకాస్త ఎక్కువ పట్టింది. ఇంత కంపులో ముక్కు ముంచి కూడా తండ్రి ముఖంలో ఒక్క ముడత కదల్లేదు.

అబుందియో మళ్ళీ గింజలు ఏరుకుంటున్నాడు.

ఆమె గ్లాసు బల్లమీద పెట్టి, కోటు కూడా వేసుకోకుండా వీధిలోకి వచ్చేసింది. ఎటు వెళ్తున్నదో తెలియకుండానే కాళ్ళు వంతెన దాకా తీసుకుపోయాయి, అక్కణ్ణుంచి వెనక్కి తెచ్చాయి. ఉత్తరపు గాలి చెవులు కోస్తోంది. మొక్కలు కత్తిరిస్తున్నవాళ్ళు తోటల్లోంచి కేకేసి పలకరించినా ఆమెకు వినపడలేదు. చివరికి పీపాల వడ్రంగి గుమెర్సిందో కొట్టంలోకి దూరింది. అతడు కొత్త పీపా లోపల నిప్పులకుంపటి పెట్టి చెక్కలు వంచుతున్నాడు.

"తలుపు దగ్గర, కిందవరస చివర ఉన్న పీపా ఏంటి?" అంది ఊపిరి తీసుకోకుండా.

"ఏదీ, సుద్దతో శిలువ గీసిందా?" గుమెర్సిందో సుత్తి దించాడు. "బూజు పట్టిందమ్మాయ్ అది. సారా కాచేవాడికి తోలేద్దామని పక్కన పెట్టా. ఇంత శిలువ గీస్తే కనపళ్ళేదా? మా కుక్క కూడా దాన్ని తప్పించుకుని పోతోంది. కొంపదీసి తాగావా ఏంటి?"

"నేను తాగలేదు."

"మరెవరు తాగారు?"

"ఎవరూ తాగలేదు. పారబోశాను."

జీవితంలో ఆమె గుమెర్సిందోతో ఆడిన మొదటి అబద్ధం అదే. ఇంటివైపు నడుస్తుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చి ఎక్కడికక్కడ ఆగిపోతూ వచ్చింది. కిందటేడు గ్యాస్ సిలిండర్ కారుతుంటే పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది గానీ, అదే గదిలో కూర్చున్న నాన్నకు వాసన తగల్లేదు. ముసలాయన పరధ్యానం అనుకున్నారు. పొయ్యి మీద పాలు మాడినా పట్టదు. కూర మూత ఎత్తి చూసి గానీ ఇవాళ ఏం వండారో చెప్పడు. ఇన్నీ కళ్ళెదురుగా ఉన్నాయి. ఇంకే ఇంట్లోనైనా ఒక మనిషి ఏళ్ళ తరబడి ఏదీ తేల్చకుండా నానుస్తుంటే, వీడికేదో వచ్చిందని ఈపాటికి పట్టేసేవాళ్ళు. ఓర్సాంకో వారింట్లో మాత్రం నాన్చేకొద్దీ ఆయన గొప్పవాడైపోయాడు.

వంటింటి తలుపు తోసేసరికి అబుందియో అక్కడే ఉన్నాడు. బల్లమీద ఆ గ్లాసు కూడా అక్కడే ఉంది. ఆమె దాన్ని ఆయన ముందుకు జరిపింది.

"ఇదేం వాసన నాన్నా?"

ఆయన గ్లాసు వైపు చూడలేదు. కూతురి ముఖంలోకి చూశాడు.

"నువ్వే చెప్పు" అన్నాడు.

"బూజు పట్టిన పీపా ఇది. కుక్క కూడా ముట్టదు. పండు కింద దాక్కుందన్నావు."

అబుందియో చేతిలో ఉన్న గింజను గిన్నెలో వేశాడు. "ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున మీ అత్తయ్య కాఫీ ఇచ్చింది" అన్నాడు. "వేణ్ణీళ్ళిచ్చావేంటే అని కేకలేశాను. ఆవిడ పాపం మళ్ళీ కాచింది. అదీ వేణ్ణీళ్ళే. అప్పుడు తెలిసింది. పులుపు తెలుస్తుంది, ఒగరు తెలుస్తుంది. వాసన లేదు."

"ఆసుపత్రి నుంచి." కసీల్దా బల్ల అంచు పట్టుకుంది. "అంటే నా వైన్‌ని నువ్వు..."

"ఒక్కసారి కూడా చూళ్ళేదు."

ఆమె కూర్చోబోయి కూర్చోలేకపోయింది. కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. పొయ్యి దాకా వెళ్ళి వచ్చింది. తొమ్మిదేళ్ళు ఈ ఒక్క మనిషి నోటి నుంచి ఒక్క మాట కోసం ఆమె కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఆ మాట ఆయన దగ్గర లేనే లేదు.

"ఎందుకు చెప్పలేదు?"

"తిరిగొస్తుందనుకున్నానే. డాక్టరు కూడా అట్లాగే అన్నాడు, కొందరికి నెల్లో వస్తుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది అని. నా పాత పంటలు నాకు తెలుసు, వాటికి ముక్కక్కర్లేదు, లెక్క ప్రకారం పంపించేశాను. నీది వేరు. నువ్వు చేసిన మొదటిది. దాని మీద అబద్ధం చెప్పడం నాకిష్టం లేకపోయింది. ముక్కు వచ్చాక సరిగ్గా చూసి చెబుదామని ఆగాను."

"తొమ్మిదేళ్ళు ఆగావా?"

"ఈ ఇంట్లో ఆగమంటే ఎందుకని ఎవరూ అడగరే" అన్నాడు అబుందియో. "ఒక్కళ్ళు అడిగి ఉంటే దొరికిపోయేవాణ్ణి. అందరూ మెచ్చుకున్నారు."

"కింద అది చచ్చిపోతోంది నాన్నా. నీకు తెలుసా? పండు పోతోంది. చెక్క తినేస్తోంది దాన్ని. నువ్విక్కడ కూర్చుని చలికాలాలు లెక్కపెడుతున్నావు."

ఆయన ముఖం పాలిపోయింది. నెమ్మదిగా, నిజంగానే అర్థం కానట్టు అడిగాడు. "నీకు తెలుస్తూనే ఉందిగా. మరి నువ్వెందుకు నా మాట విన్నావు?"

కసీల్దా ఏడుపు రాకుండా పళ్ళు బిగించింది.

"నాకు ఓపిక లేదని మీరంతా అన్నారు. నేనూ అదే అనుకున్నాను."

వీధిలో ఎవరో కుక్కను అదిలిస్తున్నారు. అబుందియో బూజుపీపా గ్లాసును తీసి గిన్నెలో ఒంపేశాడు. "పండగనాడు 'ఇప్పుడు' అనేస్తాను" అన్నాడు. "ఎవరికీ తెలియక్కర్లేదు. నీ వైన్ బయటికి పోతుంది. అంతేగా నీక్కావాల్సింది."

అంతే. తొమ్మిదేళ్ళుగా ఆమెకు కావాల్సింది అంతే. ఇప్పుడు వీధిలో చిల్లర పారేసినట్టు ఇస్తానంటున్నాడు.

ఆ వారమంతా ఆమె కట్టడినీ, ముత్తాతలనూ పక్కన పెట్టి ఒక్కో పీపా మూత తీసి ముక్కు పెట్టింది. తన చేతులతో నింపిన పీపాలకు దొంగలా వెళ్ళడం ఆమెకే సిగ్గనిపించింది, అయినా మానలేదు. కిందవరస పీపాలు చల్లటి రాతికి ఆనుకుని ఉన్నాయి. వాటిలో వైన్ బతికే ఉంది. మొదటి రెండింటి దగ్గర నమ్మకం కుదరక మళ్ళీ మళ్ళీ చూసింది. బతికే ఉంది, బలంగా ఉంది. కానీ పైవరస, కప్పు కింద వెచ్చదనానికి, ఎండిపోయింది. నోట్లో పోసుకుంటే చెక్క నమిలినట్టుంది. రెండేళ్ళ కిందట బయటికి తీసి ఉంటే అదీ బతికేది. ఆమె పైవరస నిచ్చెన మీదే తల ఆనించి ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని కిందికి దిగింది.

సాన్ బ్లాస్ పొద్దున చర్చిలో దీవించిన చక్రాల రొట్టెలు జేబుల్లో వేసుకుని అందరూ నేలమాళిగలోకి దిగారు. తీర్సో, గుమెర్సిందో, పనివాళ్ళు, వాళ్ళ వెనక టోపీ చేత్తో పట్టుకుని అబుందియో. పైన పెరట్లో కత్తిరించిన ద్రాక్షకొమ్మల మోపులు అంటించి మేకమాంసం ముక్కలు సిద్ధంగా పెట్టారు. తీర్పు ఏదైనా తిండి మాత్రం ఆగదు, ఆ ఇంట్లో ఆగకుండా జరిగేది అదొక్కటే.

కసీల్దా కిందవరసలోంచి గ్లాసు తీసి, మూసి, తండ్రికి అందించింది. అబుందియో గ్లాసులో ముక్కు దించాడు. తిప్పాడు. కళ్ళు మూసుకున్నాడు. తొమ్మిదేళ్ళు చేసిన నాటకం కదా, ఎక్కడా తడబడలేదు.

"ఇప్పుడు" అన్నాడు.

తీర్సో నమ్మలేనట్టు ఒక్క క్షణం ఆగి, కసీల్దాను కావలించుకుని నేలమీంచి ఎత్తేశాడు. "విన్నావా? విన్నావా పిల్లా? బండరాయి కదిలింది" అని అరుస్తున్నాడు. పనివాళ్ళు పీపాల మీద చరుస్తున్నారు. గుమెర్సిందో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇలాంటి రోజు ఎలా ఉంటుందో కసీల్దా వెయ్యిసార్లు ఊహించుకుంది. ఊహల్లో ఎప్పుడూ ఇలాగే ఉండేది, ఈ చప్పుడు కూడా ఇదే. బాబాయి చేతుల్లోంచి ఆమె కిందికి జారింది.

"అన్నీ కాదు" అంది.

ఎవరూ వినిపించుకోలేదు. ఆమె మళ్ళీ గట్టిగా అంది. చప్పుడు ఆగింది.

"ఏంటే కాదంటావు?" అన్నాడు తీర్సో ఇంకా నవ్వుతూనే. "ఇన్నేళ్ళు ఎప్పుడెప్పుడని మా చెవులు కొరికి, ఇప్పుడు నువ్వే ఆగుతానంటావా?"

"ఆగనంటున్నా. పైవరస పోయింది బాబాయ్. చెక్కనీళ్ళు మిగిలాయి. అది సీసాల్లో పోస్తే మన పేరు మనమే చెడగొట్టుకున్నట్టు. కిందవరస ఒక్కటే పంపాలి."

"పెద్దాయన చెప్పాక నువ్వెవరివమ్మా తేల్చడానికి? అందులోనూ నువ్వు చేసిందాని మీద."

"నా మాట వద్దు. నువ్వే చూడు."

తీర్సో గొణుక్కుంటూ నిచ్చెనెక్కి పైవరసలోంచి గ్లాసెడు తీశాడు. వాసన చూశాడు, నోట్లో పోసుకున్నాడు. అతడి భుజాలు దిగిపోయాయి. ఉమ్మేసి, నిచ్చెన మీదే నిలబడి అన్న వైపు తిరిగాడు.

"అన్నయ్యా, ఇది నీకు తెలియలేదా?"

"నాన్నకి ఇచ్చింది కిందవరసలోది" అంది కసీల్దా గబగబా. "పైది నేను ఇవ్వలేదు. ఇస్తే చెప్పేవాడు."

తండ్రికి ఆమె తెరిచిపెట్టిన తలుపు అది. ఆ ఒక్క మాటకు తల ఊపితే చాలు, అందరూ పైకెళ్ళి మాంసం కాల్చుకునేవాళ్ళు. అబుందియో ముక్కు మీద ఇంకో కథ పుట్టేది. ఆయన కూతురి వైపు చూశాడు. టోపీని చేతుల్లో ఒకసారి తిప్పాడు.

"కిందదీ తెలియదు, పైదీ తెలియదు" అన్నాడు. "నాకు వాసన పోయి తొమ్మిదేళ్ళయింది."

తీర్సో నవ్వాడు. ఎవరూ కలవకపోయేసరికి అతడి నవ్వు మధ్యలోనే తెగిపోయింది. గుమెర్సిందో శవం ఎదురైనప్పటిలా టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"నిజమా?" అన్నాడు తీర్సో. "నిజమేనా అన్నయ్యా? మరి మేం ఇన్నేళ్ళూ ఏం చూసి ఆగాం?"

"నన్ను చూసి ఆగారు" అన్నాడు అబుందియో. "దీని వైన్ సగం నేను చంపాను. ఇదిక్కడ తిరుగుతూనే ఉంది, అడుగుతూనే ఉంది. నేను ఆగమన్నాను."

తీర్సో నిచ్చెన దిగి, చేతిలోని గ్లాసును ఏం చేయాలో తెలియక అటూ ఇటూ చూశాడు. చివరికి కోపం తెచ్చుకోవడమే తేలికనిపించినట్టుంది. "అయితే ఇప్పుడు ఈ ఇంట్లో తేల్చేదెవరు? చేసినవాళ్ళు తేల్చకూడదంటిరి. తేల్చాల్సినవాడికి ముక్కు లేదంటిరి. ఊళ్ళోంచి ఎవర్నైనా తోలుకొద్దామా?"

"నేను తేల్చాను" అంది కసీల్దా. "కిందవరస ఇప్పుడు. పైవరస వెనిగర్‌కి. గుమెర్సిందో, రేపు పైవి దింపించు. వెనకున్న పంటలన్నీ ఈ వారంలో నేను చూస్తా, నాతో పాటు బాబాయి చూస్తాడు. ఇద్దరికీ కుదరకపోతే దెబ్బలాడుకుంటాం."

తీర్సో ఏదో అనబోయి, అన్న ముఖం చూసి మానుకున్నాడు. గుమెర్సిందో పైవరస వైపు తల ఎత్తి పీపాల వెంట చూపు నడిపాడు. వాటిలో చాలావరకు అతడు బిగించినవే.

కసీల్దా ఒక గ్లాసు తీసుకుని కిందవరసలోంచి నింపింది. ఈసారి అరచెయ్యి మూయలేదు. అందరి ముందే ముక్కు పెట్టి వాసన చూసింది. తర్వాత తండ్రి దగ్గరికి వెళ్ళింది.

"ఎలా ఉంది?" అన్నాడు అబుందియో. బార్‌లో పక్కవాణ్ణి అడిగినట్టు అడగలేదు. ముక్కు కోల్పోయిన మనిషిగా అడిగాడు. ఆయన గొంతు విని గుమెర్సిందో తల తిప్పుకున్నాడు.

"నానమ్మ సారాలో నానేసిన చెర్రీ పళ్ళ జాడీ ఉండేది చూడు, అటక మీద" అంది ఆమె. "దాని మూత తీసినట్టుంది. తర్వాత నీ పాత తోలు కోటు, వానలో తడిసొచ్చి పొయ్యి దగ్గర ఆరబెట్టినట్టు. చెక్క ఉంది, కానీ వెనకెక్కడో ఉంది, గదిలో ఎవరో కూర్చున్నట్టు. బాగుంది నాన్నా. చాలా బాగుంది. నీకు చూపించాలనే తిరిగాను ఇన్నేళ్ళూ."

అబుందియో గ్లాసు అందుకున్నాడు. నేలమాళిగలో వైన్ చూసేవాడు మింగడు, ఉమ్మేస్తాడు. మింగితే తలకెక్కుతుంది, తీర్పు చెడుతుంది. అరవై ఏళ్ళలో ఆయన అక్కడ ఒక్క చుక్క మింగినట్టు చూసినవాళ్ళు లేరు. ఆయన వాసన చూడలేదు, తిప్పలేదు. గ్లాసెత్తి గటగటా అడుగుదాకా తాగేశాడు. చేతివెనకతో మూతి తుడుచుకుని, ఖాళీ గ్లాసును కూతురి ముందుకు చాచాడు.

"ఇంకొంచెం పొయ్యవే" అన్నాడు.

ఆమె పోసింది.